అద్దానికి లోపలి వైపు

ఆదివారం ఉదయం మా వీధిలో ఒక చిన్న ఉత్సవం జరుగుతుంది. కార్లున్న గృహస్థులందరు బకెట్లు, పాత గుడ్డలు చేతబట్టి బయటికి వస్తారు. చక్రాలకంటిన బురద కడుగుతారు. బానెట్టు మీద పావురాలు చేసిపోయిన అలంకారాలను గోకి తీస్తారు. ముందు అద్దం మీద నీళ్ళు చల్లి, తళతళ మెరిసే వరకు తుడుస్తారు. ఆ తరువాత రెండడుగులు వెనుకకు వేసి, ముస్తాబైన పెండ్లికొడుకును చూచినట్లు వాహనాన్ని ఒకసారి తనివితీర చూచుకొని, తృప్తిగా లోనికి వెళ్ళిపోతారు. మేము గమనించినంతలో, తలుపు తెరచి, సీటులో కూర్చొని, అదే అద్దాన్ని లోపలి వైపున తుడిచినవారు ఒక్కరు లేరు. ఇది పరనింద కాదు. మూడేండ్ల పాటు మేమును అట్లే చేశాము. ఆ అలవాటు మాకెట్లు తప్పిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది పాత కారు. వేరొకరి ఇంట ఏడేండ్లు తిరిగి మా ఇంటికి వచ్చింది. వచ్చిన నాటి నుండి దానికి మేము చేయని మర్యాద లేదు. శుక్రవారం జుమా నమాజుకు బయలుదేరే ముందు లోపల ఊదుబత్తి వెలిగించేవాళ్ళము. గేరు పక్కన ఒక అత్తరు సీసా ఎల్లప్పుడు ఉండేది. డాష్‌బోర్డు నల్లగా నిగనిగలాడాలని దుకాణంలో అమ్మే పాలిష్ కొని పూసేవాళ్ళము. ఈ మర్యాదలే ఒక డిసెంబరు తెల్లవారుజామున మా దారికి తెర కట్టగలవని ఊహించలేదు.

మా నాన్నగారికి రెండు కళ్ళలోను శుక్లాలు వచ్చాయి. ముందుగా కుడి కంటికి హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించాలని నిశ్చయించాము. కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. ఉదయం పది గంటలకు వైద్యుని ఎదుట ఉండాలి. కనుక ఫజర్ నమాజు ముగించుకొని చీకటితోనే బయలుదేరాము. ముందు సీటులో నాన్నగారు. వెనుక మా అమ్మగారు, మా శ్రీమతి, ఆమె ఒడిలో నిద్రపోతున్న మా అబ్బాయి. నాన్నగారికి చలి పడదు. అద్దాలన్నీ బిగించాము, ఏసీ ఆపివేశాము. బయటి గాలి లోనికి రాకుండా మార్గం మూసే చిన్న మీట ఒకటి కార్లలో ఉంటుంది. వేసవిలో దుమ్ముకు జడిసి దానిని మూసినవారము, మరల ముట్టుకోనే లేదు. ఈ విధంగా ఐదుగురి ఊపిరి ఒక చిన్న పెట్టెలో బంధింపబడి మాతోపాటు ప్రయాణం సాగించింది.

తుంగభద్ర వంతెన మీద నిజంగానే పొగమంచు ఉన్నది. నది మీద నుండి తెల్లగా లేచి దీపస్తంభాలను చుట్టుకొని ఉన్నది. వంతెన దాటాము; మంచు మమ్ము విడువలేదు. అలంపురం చౌరస్తా దాటాము, అయినా విడువలేదు. అవతలి దారిలో ఎదురుగా వచ్చే లారీల దీపాలు పడినప్పుడల్లా అద్దమంతా ఒక తెల్లని తెరగా మారిపోయేది. ఎడమ అరచేతితో అద్దాన్ని రుద్దితే జానెడు మేర దారి కనపడేది; అర నిమిషంలో మరల మూసుకొనేది. వైపర్లు వేశాము. అవి పొడి అద్దం మీద కీచుమని అరచాయి గాని మసక ఇసుమంతైనా తొలగలేదు. బయట తడి లేదని ఆ చప్పుడే మాకు చెప్పింది. వినే బుద్ధి లేకపోయింది. లోపల రుద్దితే తేటపడుతున్నది గదా, తెర లోపలనే ఉన్నదని తోచకూడదా? తోచలేదు. బయట మంచు దట్టమైనందువల్ల లోనికి కూడ వస్తున్నదనుకొన్నాము. మనిషి తన తప్పును కాపాడుకోవడానికి ఎంత తర్కమైనా కల్పించగలడు.

ఎర్రవల్లి ఇంకా రాలేదు. తూరుపు తెల్లవారుతున్నది. ఉన్నట్లుండి అద్దం మీద ఏవో నల్లని మచ్చలు కదిలినట్లు తోచి, బ్రేకు మీద కాలు వేశాము. కారు కీచుమంటూ పోయి ఆగింది. ఆగిన చోట బానెట్టుకు రెండు వైపులా గొర్రెలే. రోడ్డు దాటుతున్న మంద నడుమ మేమున్నాము. ముందు చక్రం దగ్గర ఒక పిల్ల పడిపోయి అరుస్తున్నది.

మేము దిగి చేసిన మొదటి పని ఆ పిల్లను చూడడం కాదు, కాపరిని కోప్పడడం. ఇంత మంచులో మందను రోడ్డు మీదికి తోలుతావా, బుద్ధి లేదా అని గద్దించాము. భుజాన గొంగడి, చేత కర్ర ఉన్న ఆ నడివయసు మనిషి మాకు బదులు చెప్పకుండా ముందుగా పిల్లను ఎత్తుకొని, దాని కాళ్ళు ఒక్కొక్కటిగా తడిమి చూచాడు. తరువాత మా వైపు తిరిగి, కోపం లేకుండానే అడిగాడు:

"మీ లైట్లు అల్లంత దూరం నుంచే కనపడినాయి సారూ. ఇన్ని జీవాలు మీకు కనపడలేదా?"

"మంచులో ఎట్లా కనపడతాయి?" అన్నాము.

అతడు చుట్టూ చూచాడు. "మంచు యాడుంది సారూ? మీ కార్లోనే ఉంది" అన్నాడు.

అప్పుడు మేమును చుట్టూ చూచాము. గాలి చల్లగా, తేటగా ఉన్నది. పొలాల అంచున చింతచెట్లు, వాటికావల కరెంటు స్తంభాలు వేలు పెట్టి లెక్కించవచ్చునన్నంత స్పష్టంగా ఉన్నాయి. వెనుకకు తిరిగితే మా కారు నిలిచి ఉన్నది. దాని ముందు అద్దం మాత్రం పాలు పోసినట్లు తెల్లగా ఉన్నది. ఆ అద్దం వెనుక మా వాళ్ళందరు ఉన్నారు. ఒక్కరి ముఖమును కనపడలేదు.

ఆ క్షణంలో మాకు కలిగిన సిగ్గు ఇంతని చెప్పలేము. కాపరి పిల్లను నేల మీద దించాడు. అది నాలుగడుగులు కుంటి, తరువాత తల్లి దగ్గరకు పరుగెత్తింది. డబ్బు ఇవ్వబోతే అతడు తీసికొనలేదు. "అద్దం తుడుచుకొని పోండి సారూ, ఇంటిల్లిపాదీ ఉన్నారు" అని మందను అదిలించుకొంటూ వెళ్ళిపోయాడు. మేము క్షమాపణ చెప్పుకొనే సరికి అతడు రోడ్డు దిగుతున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

కారులోనికి వచ్చి సంగతి చెప్పగా, నాన్నగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: "నాకు చాలాసేపటి నుండి దారి మసకగానే ఉన్నది, బేటా. నా కళ్ళే గదా పాడైనవి, ఆ మసక నాదే అనుకొన్నాను. అందుకే నీతో చెప్పలేదు."

ఆ మాట మమ్ము ఇప్పటికిని వదలలేదు. ఒకే అద్దం వెనుక ఇద్దరము కూర్చొన్నాము. ఆయన తప్పు తన కళ్ళదనుకొన్నారు. మేము తప్పు లోకానిదనుకొన్నాము. తప్పు మా ఇద్దరి ముందరనే, చేయి చాచితే అందే దూరంలో ఉన్నది.

నాన్నగారి శస్త్రచికిత్స సుఖంగా జరిగింది. శుక్లమంటే కంటి మీద పేరుకొన్న పొర అని మనలో చాలామంది అనుకొంటారు. నిజానికి కంటి లోపలి కటకమే మసకబారుతుంది. తుడిచితే పోయేది కాదు. దానిని తీసివేసి కృత్రిమ కటకం అమర్చవలసిందే. ఈ విద్యకు ఆదిలో ఒక అద్దపు కథ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల ముందు కప్పులు పగిలి, ఆ ఆక్రిలిక్ ముక్కలు వైమానికుల కళ్ళలో గుచ్చుకొన్నా, కన్ను వాటిని సహించడాన్ని హెరాల్డ్ రిడ్లీ అనే ఆంగ్ల వైద్యుడు గమనించాడు. ఆ పదార్థంతోనే కటకం చేయించి 1949లో లండన్‌లో ఒక రోగి కంటిలో అమర్చాడు. ఒకప్పుడు దారి చూపిన అద్దమే తరువాత చూపునిచ్చే అద్దమైంది. కంటి మసకకు ఇంత విద్య కావలసి వచ్చింది. మా కారు మసకకు కావలసినది రెండు గుడ్డ ముక్కలు మాత్రమే. అవి కూడ లేకపోవడమే మా దారిద్ర్యం.

తిరిగి వచ్చిన తరువాత మేము చాచా అని పిలిచే వృద్ధ మెకానిక్కు వద్దకు వెళ్ళి సంగతంతా చెప్పాము. ఆయన మాట్లాడకుండా ఒక తెల్లని పొడి గుడ్డ తీసి, అద్దం లోపలి వైపున ఒక్కసారి ఈడ్చి, మా చేతిలో పెట్టాడు. గుడ్డ మీద పసుపు, గోధుమ రంగులు కలిసిన చార ఒకటి పడింది. మా ఇంట పొగ త్రాగేవారు లేరు. ఇది ఎక్కడిదని అడిగితే ఆయన నవ్వి, ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆయన చెప్పినదానికి మేము చదివి తెలిసికొన్నది కూడ చేర్చి ఇక్కడ వ్రాస్తున్నాము.

లోపలి అద్దానికి ఇద్దరు శత్రువులు. మొదటిది జిడ్డు పొర. డాష్‌బోర్డు మెత్తగా ఉండాలని ప్లాస్టిక్కులో కొన్ని నూనెల వంటి పదార్థాలు కలుపుతారు. మా ఊళ్ళో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో వేడి అంతకంటె చాలా ఎక్కువ. ఆ వేడికి ఈ పదార్థాలు ఆవిరై లేచి, అద్దం మీద పలుచగా పేరుకొంటాయి. కొత్త కారులో మనకు ఎంతో ఇంపుగా తోచే వాసనలో వీటికి కూడ భాగముంది. దీనికి ఊదుబత్తి పొగ, పాలిష్‌లోని నూనె, గాలిలోని ధూళి, తుడిచే అరచేతి జిడ్డు తోడవుతాయి. పగలు ఈ పొర కంటికి కనపడదు. రాత్రి ఎదుటి దీపం పడినప్పుడు వెలుగును చెల్లాచెదరు చేసి, అద్దమంతా వెలిగినట్లు చేస్తుంది. దారి చీకటిలో పడిపోతుంది.

రెండవది మన ఊపిరి. ఊరక కూర్చొన్న మనిషి ఊపిరి ద్వారానే రోజుకు సుమారు 300 నుండి 400 మిల్లీలీటర్ల నీటిని ఆవిరిగా విడుస్తాడు. ఆ లెక్కన ఐదుగురు గంటసేపు మూసిన కారులో కూర్చొంటే, చిన్న టీ కప్పులో సగానికి పైగా నీరు గాలిలో చేరినట్లే. బయటి చలికి అద్దం చల్లబడి ఉంటుంది; ఆ ఆవిరి దానిని తాకి చెమరుస్తుంది. అద్దం జిడ్డుగా ఉన్న చోట ఆవిరి మరింత త్వరగా, మరింత మసకగా బిందువులు కడుతుంది. ఈ విధంగా ఇద్దరు శత్రువులు ఒకరికొకరు సాయం చేసికొంటారు.

ఆవిరికి మందు కారులోనే ఉన్నది. బయటి గాలి మార్గం తెరవాలి. గాలిని ముందు అద్దం మీదికి మళ్ళించాలి. చలికాలమైనా ఏసీ వేయాలి. ఎందుకంటే ఏసీ గాలిని చల్లబరచడమే గాక అందులోని తేమను కూడ పీల్చివేస్తుంది. ఆగిన కారు క్రింద బొట్లు బొట్లుగా కారే నీరు ఆ తేమయే. చలి వేస్తే ఏసీతోపాటు వేడిగాలి మీటను కూడ త్రిప్పవచ్చు; రెండును కలిసి పనిచేస్తాయి. ఇది తెలియక మేము చలి పేరుతో మందునే మూసి పెట్టాము. వానాకాలపు ఉక్కలో మాత్రం కథ తిరగబడుతుంది. ఏసీకి అద్దం మితిమీరి చల్లబడితే మసక బయటి వైపున పడుతుంది. అప్పుడు వైపరు వేసి, చల్లదనం తగ్గించి, గాలిని అద్దం నుండి మళ్ళించాలి. మసక ఎటువైపున ఉన్నదో తెలియకపోతే లోపల వేలితో ఒక గీత గీస్తే చాలు. గీత పడితే తప్పు లోపల, పడకపోతే బయట.

జిడ్డు పొరకు చాచా చెప్పిన పద్ధతి ఇది. కారును నీడలో నిలిపి, అద్దం చల్లబడనివ్వాలి. తలుపులు తెరచి ఉంచాలి. ముందుగా పొడి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము తీయాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీరు సమపాళ్ళలో కలిపి, గుడ్డను కొంచెం తడిపి తుడవాలి. ద్రవాన్ని అద్దం మీద నేరుగా చిమ్మరాదు. అది డాష్‌బోర్డు సందుల్లోనికి జారుతుంది. వెంటనే రెండవ పొడి గుడ్డతో ఆరేవరకు తుడవాలి. డాష్‌బోర్డుకు వాడిన గుడ్డను అద్దానికి తాకించరాదు. అద్దం క్రింది మూలలకు చేయి అందదు. అరచేయి పైకి వచ్చేట్లు చేతిని త్రిప్పి, వేళ్ళ వెనుక గుడ్డను పెట్టి జరపాలి. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడిస్తే, మిగిలిన చార ఎటువైపుదో చూడగానే తెలుస్తుంది. చివరకు చీకటిలో టార్చి వెలుగు ఏటవాలుగా వేసి పరీక్షించాలి. పదిహేను నిమిషాల పని. మూడేండ్లలో మాకు ఆ పదిహేను నిమిషాలు దొరకలేదు.

1903లో మేరీ ఆండర్సన్ అనే అమెరికా మహిళ వైపరుకు పేటెంటు పొందింది. మీట లోపల ఉంటుంది, తుడుపు బయట జరుగుతుంది. నూటయిరవై ఏండ్లు గడచినా లోపలి వైపున తనంత తానుగా తుడిచే వైపరు మన కార్లకు రాలేదు. లోపలికి నేటికిని మనిషి చేయి ఒక్కటే వైపరు. చట్టం కూడ అంతే. ముందు అద్దం గుండా కనీసం నూటికి 70 వంతుల వెలుగు రావాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలో 100వ నియమం చెబుతున్నది. నల్లని ఫిల్ము అంటించినవానిని పోలీసులు ఆపుతారు. మన ఊపిరితో, మన అత్తరుతో, మన అలవాటుతో మనమే అంటించుకొన్న పొరను ఆపే పోలీసు లేడు.

తెలుగు బోధించేవారము గనుక మాకు ఇంకొక మాట స్ఫురించింది. ముఖం చూచుకొనేదీ మన భాషలో అద్దమే, దారి చూచేదీ అద్దమే. ఉర్దూలో ముఖం చూచుకొనేదానికి ఆయినా అనే పేరు వేరుగా ఉన్నది. తెలుగు ఆ భేదం పాటించకపోవడం లోపమేమోనని ఒకప్పుడు అనుకొన్నాము. ఇప్పుడు అనుకోవడం లేదు. రాత్రివేళ కారు లోపల దీపం వెలిగిస్తే ముందు అద్దంలో దారికి బదులు మన ముఖమే కనపడుతుంది. రాత్రి బస్సులలో డ్రైవరు తన వెనుక దీపాలు ఆర్పమనడం ఇందుకే. దారి చూపవలసిన అద్దం మన ముఖాన్నే చూపడం మొదలుపెట్టిందంటే ప్రమాదం దగ్గరలోనే ఉన్నదన్నమాట.

చాచా చెప్పినదంతా ఇంటికి వచ్చి నాన్నగారికి వినిపించాము. ఆయన కొత్త కంటితో మా వైపు చూచి, "ఇది మీ దాదీమాకు ఎవరు చెప్పారు?" అన్నారు. అప్పుడు మాకును జ్ఞాపకం వచ్చింది. మా చిన్నతనంలో కరెంటు పోవడం నిత్యకృత్యం. దాదీమా ప్రతి సాయంకాలం మగ్రిబ్ వేళకు ముందే లాంతరు చిమ్నీ తీసి తుడిచేది. పైపైన ఒక తుడుపు. లోపల మాత్రం పిడికెడు మెత్తని బూడిద, పాత చీర పేలిక, ఎంతో ఓపిక. ఆమె చేయి పట్టకపోతే మా చిన్న చేతిని లోపలికి పెట్టించేది. మసి బయటినుండి రాదు, దీపమే పెడుతుంది. అందుకని దీపాన్ని తిట్టరాదు, రోజూ తుడవాలి అనేది. చదువు రాని ఆ వృద్ధురాలు మాకు నేర్పిన పాఠాన్ని, ఎం.ఏ. పట్టా చేతబట్టుకొని మేము మరచిపోయాము.

విద్యార్థి మిత్రులారా, ఇది కార్ల గురించిన ముచ్చట గదా, మాకెందుకని మీరనుకోవచ్చు. తరగతి గదిని ఒకసారి తలచుకొనండి. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థికి తెలుగు పద్యం అర్థం కాదు. మా నాన్నగారి వలె అతడు, మసక నా కళ్ళదే అనుకొని నోరు మెదపడు. మా వలె అధ్యాపకుడు, బయట మంచు దట్టంగా ఉన్నది, ఈ పిల్లలు ఇంతే అనుకొంటాడు. నడుమనున్న అద్దం, అనగా మేము పాఠం చెప్పే తీరు, ఎన్నాళ్ళుగా తుడవలేదో ఎవరును అడగరు. ఆ డిసెంబరు తరువాత తరగతిలో మసక తోచినప్పుడు మేము ముందుగా లోపలి వైపున వేలితో గీత గీచి చూచుకొంటున్నాము. చాలాసార్లు గీత పడుతున్నది. కనుక, అర్థం కాని చోట మీరు చేయి ఎత్తి అడగండి. అడిగిన విద్యార్థి మాకు ఆ కాపరి వంటివాడు. కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం. తలుపులు మూసికొని ఎక్కువసేపు కూర్చొన్న చోట అద్దాలు చెమర్చడం ప్రకృతి ధర్మం. అప్పుడప్పుడు బయటి గాలి మార్గం తెరవడం మేలు.

ఇప్పుడు ప్రతి గురువారం సాయంకాలం మేము, నాన్నగారు రెండు గుడ్డలతో కారులో కూర్చొంటాము. కుడి సగం మాది, ఎడమ సగం ఆయనది. ఊదుబత్తి మానివేశాము, అత్తరు చొక్కా మీదికి చేరింది. ఆ తరువాత హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా అలంపురం చౌరస్తా దాటగానే వేగం తగ్గించి రోడ్డు అంచులను వెతుకుతున్నాము. గొర్రెల మందలు కనపడుతున్నాయి; ఆ కాపరి మాత్రం ఇంకా కనపడలేదు. ఈసారి అతడు రోడ్డు దిగక మునుపే క్షమాపణ చెప్పుకోవాలని మా కోరిక.